నలభై మూడు వేల లీటర్ల ఇల్లు

గెడ్డవలస (భీమిలి దగ్గర),
ఫిబ్రవరి 9.

బావకి నమస్కారాలు.

ఫోన్లో చెప్పిన మాటకి ఫైలు ఉండదు, ఏదైనా కాగితం మీద పెట్టాలి అని నువ్వే కదా అంటావు. పోయిన ఆదివారం ఫోన్లో మనిద్దరం అరుచుకున్నాక నీ ఇల్లాలు, మా అప్ప ఈశ్వరి కూడా అదే తీర్పు ఇచ్చింది. "మీరిద్దరూ ఉత్తరాలు రాసుకోండి, నా సెవులు మిగుల్తాయి" అంది. అందుకని పోస్టాఫీసుకి వెళ్లి కవర్లు కొనుక్కొచ్చాను. అక్కడివాడు నన్ను వింతగా చూశాడు.

ఇంతకీ సంగతి ఇది. పుష్ప వాటాకి వచ్చిన ఐదు సెంట్లలో ఇల్లు మొదలుపెట్టాను. మట్టి ఇల్లు. అందులోనూ గుండ్రటిది, మన వైపు చుట్టిల్లు అంటామే, అది. పోర్టులో ముప్పై ఒక్క ఏళ్లు క్రేను నడిపి రిటైరైనవాడిని, చేతులు ఊరుకోవు. అయితే అసలు కారణం నీకు తెలుసు. సిటీలో ఉన్నన్నాళ్లూ నా పెళ్లాం ఆ పీల్చే మందు డబ్బా తలగడ కింద పెట్టుకునే పడుకునేది. ఇక్కడ పాపాయమ్మ అనే పెద్దావిడ చుట్టింట్లో నాలుగు నెలల బట్టీ ఉంటున్నాం. ఊళ్లో మిగిలిన ఆఖరి చుట్టిల్లు అదే. ఆ డబ్బా ఎక్కడ పెట్టిందో పుష్ప మర్చిపోయింది బావా. మర్చిపోయింది. అది విన్న రోజే కట్టాలని నిర్ణయించుకున్నాను.

ఎనభైకి దగ్గరపడ్డ పాపాయమ్మే మా మేస్త్రీ. బంకమట్టి, వరిగడ్డి, పేడ కలిపి మేం కాళ్లతో తొక్కుతాం, ఆవిడ అరుగు మీద కూర్చుని తిడుతుంది. మూరెడు ఎత్తు గోడ పెట్టడం, ఆరనివ్వడం, మళ్లీ మూరెడు. నడుము ఎత్తు లేచేసరికి గ్రామ సచివాలయం నుంచి మధులత అనే ఇంజనీరింగ్ అమ్మాయి వచ్చింది. పర్మిషన్ లేకపోతే కూల్చాలి, ఇంటి నంబరు రాదు, నంబరు లేనిదే కరెంటు మీటరు రాదు అంది.

మంచి పిల్ల. తన ట్యాబులోనే అప్లికేషన్ పెట్టబోయింది. పొడవెంత, వెడల్పెంత అని ట్యాబు అడిగింది. తూర్పు గోడ నుంచి హద్దుకి ఎన్ని అడుగులు వదిలారు, దక్షిణం గోడ నుంచి ఎన్ని అడుగులు అని అడిగింది. ఇద్దరం ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాం. తూర్పు గోడ ఎక్కడ అయిపోయిందో, దక్షిణం గోడ ఎక్కడ మొదలైందో మాకు దొరకలేదు. "మూలలెన్ని" అన్న గడిలో సున్నా వేస్తే ట్యాబు ఎర్రబడింది. గోడ దేంతో అంటే ఇటుక, రాయి, సిమెంటు దిమ్మ, రేకు. మట్టి లేదు. మట్టిని కాల్చి ఇటుక చేస్తే ఒప్పుకుంటుందిట, కాల్చకపోతే ఒప్పుకోదుట.

ప్లానింగ్ ఆఫీసులో పనిచేసిన బావ ఉండి నాకీ ఖర్మేమిటి? ఏదో ఒకటి చెయ్యి.

పోలిరాజు


మల్కాపురం,
ఫిబ్రవరి 17.

చి॥ పోలిరాజుకి ఆశీస్సులు.

విషయం: నీ మట్టి పిచ్చి.
రిఫరెన్సు: నీ 9వ తేదీ ఉత్తరం.

ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. ఈ జిల్లాలో సగం ఇళ్లు నేలమీద కంటే ముందు నా పెన్సిలు కింద లేచాయి. అలాంటివాడి బావమరిది పేడ తొక్కుతున్నాడని తెలిస్తే పాత స్నేహితులు నా మొహం మీదే నవ్వుతారు. ఈశ్వరి మాత్రం ఇప్పటికే నవ్వుతోంది.

మూల లేని ఇంట్లో బీరువా ఎక్కడ పెడతావు? మంచం ఎటు వేస్తావు? ఈశాన్యం ఏదని ఎవరైనా అడిగితే ఏం చూపిస్తావు? మనిషన్నవాడు గుహ వదిలి బయటికి వచ్చిందే నాలుగు గోడలు కట్టుకోవడానికి.

ట్యాబులో ఉన్న ఆ లిస్టుని వెక్కిరించకు. అది ఊరికే పుట్టలేదు. సర్వే చేసి, ఈ ప్రాంతంలో జనం ఏయే రకాల ఇళ్లలో ఉంటున్నారో చూసి, తయారు చేసినది. చుట్టిల్లు అందులో లేదంటే దానర్థం చుట్టిళ్లు లేవని. లేనిదానికి పర్మిషన్ ఎవరిస్తారు?

నేను డాబాలో పుట్టాను, డాబాలో పెరిగాను, డాబాలోనే పోతాను. నువ్వు కూడా బుద్ధిగా నాలుగు పిల్లర్లు లేపి శ్లాబు వేసుకో. ప్లాను నేనే గీసి పంపుతాను. పుష్పకి ఏసీ పెట్టించు.

గురునాథరావు


గెడ్డవలస,
మార్చి 3.

బావకి నమస్కారాలు.

లేని ఇంట్లో కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. లేని చూరు కింద లేని పిల్లి పడుకుంది. బీరువా సంగతి అడిగావు కదా, గోడకి ఆనించి పెడితే వెనక సన్నటి సందు మిగిలింది. పుష్ప అందులో చీపురు పెట్టుకుంది. మీ మల్కాపురం డాబాలో చీపురు సోఫా వెనక ఉంటుంది, నేను చూశాను.

నీ ఉత్తరం పాపాయమ్మకి చదివి వినిపించాను. తప్పు చేశాను. తొక్కుతున్న మట్టి ఆపేయించి మరీ మూడుసార్లు చదివించుకుంది.

"ఏటీ, సుట్టిల్లు లేదంటన్నాడా మీ బావ? మరి నానెక్కడ తొంగుంతన్నాను? సెట్టు మీదేటి?" అంది. తర్వాత నీ పేరు అడిగింది. చెప్పాను.

"గురునాదమా? మా కన్నోరిది యారాడే బాబూ. అక్కడ బుల్లెమ్మ కొడుకొకడు గురునాదం ఉండీవోడు. పుల్ల ఒట్టుకుని ఇసకలో గీతలు గీసీవోడు. సదువుకుని గీతల ఉద్యోగం సేత్తన్నాడని ఇన్నాను. ఆడేనేటి?"

మా బావ డాబాలో పుట్టినవాడు, మీవాడు ఇంకెవరో అయ్యుంటాడు అని చెప్పాను. మా అప్ప పెళ్లినాటికే మీ అమ్మగారు లేరు, మీవాళ్లది సిటీయే అని మాకు చెప్పారు కదా. ఆవిడ మాత్రం "అలాగా" అని ఊరుకుంది. పాపాయమ్మ ఊరుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

గోడలు భుజం ఎత్తుకి వచ్చాయి. పర్మిషన్ కావాలి బావా. ఏసీ వద్దు, శ్లాబు వద్దు, కాగితం ఒక్కటి ఇప్పించు.

పోలిరాజు


మల్కాపురం,
మార్చి 21.

చి॥ పోలిరాజుకి ఆశీస్సులు.

విషయం: నీ పర్మిషన్. మంజూరు.
రిఫరెన్సు: నీ ఏడుపు.

ఇంతోటి పనికి నెలన్నర తలబాదుకున్నారా నువ్వూ ఆ మధులతా? ఆఫీసు దారి ఆఫీసువాడికే తెలుస్తుంది.

ఆన్‌లైన్‌లో కూర్చుని వెతికాను. "ఆకారం" అన్నచోట "వృత్తం" ఉంది. అది నొక్కితే కింద "ఉపయోగం" అన్నచోట ఒకే ఒక్క మాట తెరుచుకుంటుంది: నీటి ట్యాంకు. గోడ దేంతో అంటే ట్యాంకుకి మాత్రం "స్థానిక సామగ్రి" అనే గడి ఉంది. పద్దెనిమిది అడుగుల అడ్డకొలత, ఆరడుగుల గోడ. లెక్కవేస్తే నలభై మూడు వేల రెండు వందల లీటర్లు వచ్చింది. వేసి పంపాను. ఇంటి పర్మిషన్‌కి నెలలు తిరగాలి. ట్యాంకుకి పదకొండు నిమిషాల్లో వచ్చేసింది. కాగితం జత చేశాను, ఫ్రేము కట్టించుకో.

ముందు కట్టడం లేవనీ. తర్వాత ఉపయోగం మార్చామని ఇంకో కాగితం పెడదాం.

ఆ ముసలావిడ మాటలు పట్టించుకోకు. యారాడలో గురునాథాలు పదిమంది ఉంటారు. ఊరి కబుర్లు ఉత్తరాల్లో నింపడం మానెయ్యి.

గురునాథరావు


గెడ్డవలస,
జూన్ 12.

బావకి నమస్కారాలు.

పోయిన నెలలో ట్యాంకు ప్రవేశం చేశాం. గృహప్రవేశం అనడానికి వీల్లేదు కదా, కాగితం మీద గృహం లేదు. పాలు పొంగించాం. నలభై మూడు వేల రెండు వందల లీటర్ల ట్యాంకులో అరలీటరు పాలు.

టీకొట్టు దగ్గర నాకు కొత్త పేరు పెట్టారు. నేను కనపడితే చాలు, "ఏటి ట్యాంకు మామా, ఇయ్యాల నీల్లు ఎన్ని గంటలకి ఇడుత్తావు?" అని అడుగుతున్నారు. అడగనీ. మే నెల మిట్టమధ్యాహ్నం ఊరంతా శ్లాబుల కింద ఉడికిపోతుంటే నేను దుప్పటి కప్పుకున్నాను. తాటాకు చూరు మోకాళ్ల దాకా దిగుతుంది. గాలి ఎటునుంచి వచ్చినా గోడని కొట్టదు, పక్కనుంచి జారిపోతుంది. ఇంత గాలికి ఎదురు నిలబడే మూలే లేదు. పుష్ప రాత్రి తెల్లవార్లూ నిద్రపోతోంది. నాకే అలవాటు లేక మెలకువ వచ్చి, ఊపిరి తీస్తోందో లేదో అని చూస్తున్నాను.

ఇక అసలు సంగతి. నిన్న నోటీసు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"నిర్మాణము పూర్తయిన నీటి ట్యాంకును పూర్తి సామర్థ్యము మేరకు నింపి, ఇరవై నాలుగు గంటలు నిల్వ ఉంచి, లీకేజీ లేదని ధ్రువీకరించవలెను. లేనిచో అనుమతి రద్దుచేసి కట్టడము తొలగించబడును."

అర్థమైందా? ట్యాంకు నింపితే మట్టి కరిగి ఇల్లు పోతుంది. నింపకపోతే అనుమతి పోతుంది, అనుమతి పోతే ఇల్లు పోతుంది. కింద ఇంకో లైను కూడా ఉంది: "ట్యాంకులో మనుషులు నివసించుచున్నట్లు ఫిర్యాదు అందినది. నీటి పరిశుభ్రత దృష్ట్యా వెంటనే ఖాళీ చేయవలెను."

ఫ్రేము కట్టించుకోమన్నావు కదా. కట్టించాను. ఇప్పుడు ఆ ఫ్రేము పెట్టి ఎవరి నెత్తిన కొట్టాలో కూడా రాయి.

పోలిరాజు


మల్కాపురం,
జులై 6.

చి॥ పోలిరాజుకి ఆశీస్సులు.

విషయం: నీటి పరీక్ష.

ఆఫీసుకి వెళ్లొచ్చాను. అక్కడ కంప్యూటర్ సెక్షన్ చూస్తున్న సాయిశంకర్ ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఉపయోగం మార్చే వీలుంది కానీ, లిస్టులో ఉన్న ఒక రకం నుంచి ఇంకో రకానికే మార్చుకోవచ్చుట. గుండ్రటివాటిలో ట్యాంకు తప్ప ఇంకో రకం లేదు. కాబట్టి ట్యాంకుని ట్యాంకుగా మార్చుకోవచ్చు. దానికి ఫీజు లేదు.

నేను ఆలోచించిన ఉపాయం ఏమిటంటే, లోపల గోడ పొడుగునా మందపాటి టార్పాలిన్ వేసి ఒక అడుగు నీళ్లు పోయించి ఫోటో తీయించు. వాళ్లకి కావలసింది ఫోటో. అడుగా ఆరడుగులా అని ఎవరూ మునిగి చూడరు.

ఇంతకంటే నేను చెయ్యగలిగింది లేదు.

గురునాథరావు

తమ్ముడూ, కవరు అంటించమని నాకిస్తే ఇక్కడ నాలుగు ముక్కలు రాస్తన్నాను. మీ బావ ఆఫీసుకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ తిండి సరిగ్గా తింటం లేదు. ఆ సాయిశంకర్ ఏదో పాత కాగితం చూపించాడంట. ఏటది అని అడిగితే బీరువా తాళం వేసుకుంటన్నాడు. పుష్ప ఎలాగుంది? నీ అప్ప.


గెడ్డవలస,
సెప్టెంబరు 4.

గురునాథరావు గారికి,

నీళ్ల పరీక్షకి నిన్న వచ్చారు. టార్పాలిన్ వేస్తే పనికిరాదని, గోడ కనపడాలని పైనుంచి చెప్పారట. ట్యాంకరు వచ్చి గుమ్మం ముందు ఆగింది. పైపు విప్పేసరికి పాపాయమ్మ వచ్చి గడప మీద కాళ్లు బారచాపుకు కూర్చుంది.

"పొయ్యండి బాబూ. ముందు నా మీద పొయ్యండి. ఈ ముసిల్దాంట్లో ఎన్ని లీటర్లు పడతాయో రాసుకోండి" అంది.

మధులత ట్యాబులో "వాయిదా: గుమ్మంలో అడ్డంకి" అని కొట్టింది. అడ్డంకి ఏ రకమో అది అడిగింది. చెట్టు, రాయి, పశువు, ఇతరం. ఆ పిల్ల "ఇతరం" నొక్కి, కళ్లు తుడుచుకుంది. అక్టోబరు 20 దాకా గడువిచ్చారు. ఆ తర్వాత వాయిదా లేదు, కూల్చే యంత్రం వస్తుంది.

ట్యాంకరు వెళ్లిపోయాక మధులత "అంకుల్, అసలీ లిస్టు ఎక్కడినుంచి వచ్చిందో వెతికాను. కింద సర్వే కాగితం అటాచ్ చేసి ఉంది, చూడండి" అని చూపించింది. పన్నెండేళ్ల కిందటి కాగితం. ఈ ప్రాంతంలో ఉన్న ఇళ్ల రకాలు వరసగా రాసి ఉన్నాయి. చివర "ఇతర రకాలు ఏవైనా ఉన్నచో" అని ఉంది. దాని పక్కన చేత్తో ఒకే మాట: లేవు. కింద సంతకం. ఆ "గు"కి కొమ్ము అంత పొడుగ్గా లాగేది నాకు తెలిసి ఒక్కరే. మా అప్ప పెళ్లి శుభలేఖ మీద అడ్రసులన్నీ ఆ చేత్తోనే రాశారు.

మీకు తెలుసు. ఫిబ్రవరిలోనే తెలుసు. జులైలో మళ్లీ చూశారు కూడా. అయినా నాకు టార్పాలిన్ కొనుక్కోమని రాశారు.

పుష్ప నిన్న సాయంత్రం బట్టల మూటలన్నీ విప్పి ఆ మందు డబ్బా వెతికి తీసింది. తలగడ కింద పెట్టుకుంది.

పోలిరాజు


మల్కాపురం,
సెప్టెంబరు 15.

పోలిరాజూ,

నీ ఉత్తరం చదివి వారం రోజులు బదులు రాయలేకపోయాను. గారు అన్నావు చూడు, అది బాగా తగిలింది.

పాపాయమ్మ చెప్పిన గురునాథం నేనే. బుల్లెమ్మ మా అమ్మ. యారాడలో చుట్టింట్లో పుట్టాను. పదహారేళ్లు వచ్చేదాకా నాకు ఇంట్లో మూల అంటే ఏమిటో తెలియదు.

ఉద్యోగంలో చేరిన వారానికి మా మొదటి ఆఫీసరు నేను గీసిన ప్లాను అందరి ముందు ఎత్తి చూపించాడు. గది మూల తొంభై డిగ్రీలు రాలేదు. "ఏ గుడిసెలో పుట్టావయ్యా, మూల గీయడం కూడా రాదు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, మాది డాబా అండీ అన్నాను. అంతే. ఆ తర్వాత ఆ అబద్ధానికి గోడలు కట్టుకుంటూ వచ్చాను. మీ ఇంటికి పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కూడా అదే చెప్పాను. ఈశ్వరికి నిన్నటిదాకా తెలియదు.

ఆ సర్వేకి యారాడ నాకే వేశారు. వెళ్లాను. అప్పటికి తొమ్మిది చుట్టిళ్లు ఉన్నాయి. మా ఇంటి ముందు నిలబడ్డాను కూడా, అందులో వేరేవాళ్లు ఉంటున్నారు. నాతో వచ్చిన జూనియర్లు "ఇవేంటి సార్, గడ్డికుప్పలా?" అని నవ్వారు. వాళ్లు చూస్తుండగా ఆ గడిలో "చుట్టిల్లు" అని రాయడానికి చెయ్యి రాలేదు. లేవు అని రాశాను. రెండక్షరాలు. రాసి, కాఫీ తాగడానికి వెళ్లాం. అది నీ పుష్ప తలగడ కిందకి వస్తుందని నాకేం తెలుసు.

తెలియకపోవడం కూడా తప్పేలే.

నిన్న ఆఫీసుకి వెళ్లాను. స్టాంపు కాగితం మీద రాసిచ్చాను: ఆ గడిలో నేను రాసినది అబద్ధం, నేను చుట్టింట్లో పుట్టాను, ఆ రకాన్ని లిస్టులో చేర్చమని కోరుతున్నాను. సాయిశంకర్ చదివి లేచి నిలబడ్డాడు. కానీ పైవాళ్లు మాత్రం, "మీరు గుండ్రటి ఇంట్లో పుట్టినట్టు ఆధారం ఉందా?" అని అడిగారు. పుట్టిన సర్టిఫికెట్‌లో ఊరి పేరే ఉంటుంది, ఇంటి ఆకారం ఉండదు. నేను తయారు చేసిన గడులు నన్నే తిరిగి అడుగుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి చూసినవాళ్ల వాంగ్మూలం ఉంటే ఒప్పుకుంటామన్నారు.

నేను పుట్టడం చూసినవాళ్లలో బతికి ఉన్నది పాపాయమ్మ ఒక్కతే అయ్యుంటుంది. ఆవిడని అడగడానికి నాకు మొహం లేదు. నువ్వు అడుగు.

గురునాథం


గెడ్డవలస,
నవంబరు 2.

బావకి నమస్కారాలు.

అడిగాను. మధులత ట్యాబు పట్టుకుని పక్కనే కూర్చుంది. పాపాయమ్మ చెప్పినది ఒక్క అక్షరం మార్చకుండా ఎక్కించమన్నాను:

"బుల్లెమ్మకి నొప్పులొచ్చిన్నాడు గాలివాన. ఊళ్లో పెంకుటిల్లులన్నీ ఎగిరిపోనాయి. ఆ సుట్టింట్లో పదకొండు మందిమి దూరాం. దీపం ఒట్టుకున్నది నానే. ఆ ఇల్లు లేకపోతే ఈ గురునాదమూ లేడు, లేవని రాయడానికి ఆడి సెయ్యీ లేదు. సుట్టిల్లులు ఉన్నాయి. నాను ఉన్నాను. రాసుకో."

వేలిముద్ర వేసింది. మధులత దాన్ని మూడు కాపీలు తీసి సాయిశంకర్‌కి స్వయంగా తీసుకెళ్లి ఇచ్చింది.

అక్టోబరు 18న కాగితం వచ్చింది. లిస్టు సవరణ మీద కమిటీ వేశారట. ఆ కమిటీ తేల్చేదాకా నీటి పరీక్ష ఆపాలి, కట్టడం కూల్చకూడదు. కమిటీకి గడువు మూడేళ్లు. మీ ఆఫీసు మూడేళ్లంటే ఎంతో నీకే తెలుసు, ఈలోగా పుష్పా నేనూ ముసలివాళ్లమై పోతాం, నిశ్చింతగా. ఇరవయ్యో తారీకున యంత్రం రాలేదు. పుష్ప ఆ రోజంతా గుమ్మంలోనే కూర్చుని సాయంత్రం డబ్బా తీసుకెళ్లి బీరువా వెనక సందులో పెట్టింది, చీపురు పక్కన.

కరెంటు కూడా వచ్చింది. ఇంటి నంబరు లేదు కనక ఇంటి మీటరు రాదన్నారు. ట్యాంకు కనక మోటారు కనెక్షన్ ఇచ్చారు. కాగితం ప్రకారం మా ఇంట్లో ఫ్యాను లేదు. ఐదు హార్స్‌పవర్ నీటి మోటారు తిరుగుతోంది. దాని కింద పడుకుంటే బాగా నిద్రపడుతోంది.

కమిటీవాళ్లు నిన్న మొదటిసారి చూడ్డానికి వచ్చారు. ముగ్గురూ మంచి పొడగరులు. ఇద్దరికి నుదుట బొప్పి కట్టింది. పాపాయమ్మ పసుపు అద్దింది, తిడుతూనే.

అప్పతో గొడవ తీరిందా? ఫోన్ చేస్తే "ఇన్నాల్లూ నాకు డాబా అని సెప్పి మూలల్లో బూజు దులిపించాడు" అని మండిపడుతోంది. తనని కూడా తీసుకురా. పాపాయమ్మ నీ కోసం రోజూ అడుగుతోంది. ఏం అంటుందోనని భయపడకు, ఎలాగూ తిడుతుంది. నువ్వు పుట్టిన్నాడు నీ మొహం మొదట చూసింది తనేనట, ఇప్పుడు ఎలాగున్నావో చూడాలట.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. గుమ్మం నాలుగున్నర అడుగులే. నీకు ఎలాగూ తెలుసు, మర్చిపోయి ఉంటావని రాస్తున్నాను. బాగా వంగి రా. లోపలికి వచ్చాక నిటారుగా నిలబడొచ్చు.

పోలిరాజు